ఎర్ర పేజీ అవతల

అమ్మ తప్పిపోయిన ఆరో రోజున కల్పన పోస్టరు మీది నుంచి తన ఫోన్ నంబరు తీసేసింది.

తీయవద్దని తండ్రి యోహాను అన్నాడు. "నంబరుంటేనే గద బిడ్డా ఎవలన్న ఫోన్ జేసేది. తీసేస్తే ఎట్ల?"

కానీ ఆ ఐదు రోజుల పిలుపులు ఎత్తినది కల్పన, విన్నది కల్పన. ఒకడు ఏదో ఊరి పేరు చెప్పి నవ్వి పెట్టేసేవాడు. ఒకడు రోజుకు మూడుసార్లు చేసి, "మీ అమ్మ దొరక్కపోతే పాయె, నువ్వన్న దొరుకుతవా?" అని అడిగేవాడు. మరొకడు మహబూబాబాద్ రైల్వే స్టేషనులో ముసలామె ఏడుస్తున్నదని చెప్పి, ఆ ఏడుపు కూడా వినిపించాడు. యోహాను చెప్పులు వేసుకోవడం మరచి ఉరికాడు. అక్కడ ముసలామె లేదు, ఏడుపు లేదు, బెంచీ మీద ఎండ తప్ప ఏమీ లేదు. తిరిగి వచ్చి ఆయన రెండు రోజులు కంచం ముందు కూర్చోలేదు.

వాళ్ల పల్లె దంతాలపల్లికి నాలుగు కిలోమీటర్లు. కల్పన ఉద్యోగం అవతలి జిల్లాలో, జఫర్‌గఢ్ దగ్గరి ఒక పల్లె పోస్టాఫీసులో. తల్లి మార్తమ్మకు అరవై మూడేళ్లు. రెండేళ్లుగా ఆమెలో ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చింది. మొదట చుట్టాల పేర్లు పోయినవి. తరువాత పొయ్యి మీద కూర ఉన్నదన్న సంగతి పోయింది. ఆ తరువాత పొద్దు పొడిచినదో కుంకినదో తెలియకుండా పోయింది. చేతులు మాత్రం ఏ పనినీ మరువలేదు. చాట ఇస్తే చెరిగేవి, కొడవలి ఇస్తే కోసేవి.

మార్చి నెల మొదటి సోమవారం, బర్రెకు నీళ్లు పెట్టి యోహాను వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉన్నది. బావులు వెతికారు, బస్సులు వెతికారు, చర్చిలో ప్రార్థన పెట్టించారు. పోలీసు స్టేషనులో కాగితం ఇచ్చారు. ఇచ్చి, ఎదురుచూశారు.

సైటు పెడదామన్న ఆలోచన దినేశ్‌ది. దంతాలపల్లి చౌరస్తాలో అతనికి ఆన్‌లైన్ సెంటర్ ఉన్నది. పింఛను దరఖాస్తు, హాల్‌టికెట్, భూమి పత్రం, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఇరవై ఊళ్లు ఆ రెండు కుర్చీల ముందు నిలబడవలసిందే.

"అక్కా, పోస్టరు మీద నంబరు బదులు సైటు పేరు పెడుదాం," అన్నాడు దినేశ్. "అండ్ల అమ్మ ఫొటో, ఆనవాళ్లు ఉంటయ్. కింద 'నేను చూసిన' అని ఒక బటన్. అది ఒత్తి, యాడ చూసిండ్రో రాసి, ఫొటో పెడితేనే నీ నంబరు కనబడ్తది. ఉత్తగ సతాయించెటోడు గంత కష్టం పడడు."

"పనైతదా తమ్మీ?"

"ఎందుకు గాదు? ఎవలన్న వెతికితే సెర్చ్ ఇంజన్ల మనదే ముందుగాల రావాలె. నేను జూస్త."

మాట నిలబెట్టుకున్నాడు. ఒక్క రోజులో సైటు లేచింది. యజమాని ఈమెయిల్ అడిగినచోట తన సెంటర్ ఈమెయిల్ కొట్టాడు. అతడు మోసం తలచి చేసినది కాదు. ఆ ఇరవై ఊళ్లలో ఎవరికీ సొంత ఈమెయిల్ లేదు, అందరి తరఫునా ఉన్నది దినేశ్ ఈమెయిలే. పరీక్ష రాసిన పిల్లకు వచ్చే ఉత్తరమూ, ఎరువు కోసం పేరు నమోదు చేసుకున్న రైతుకు వచ్చే ఉత్తరమూ ఆ ఒక్క పెట్టెలోనే పడేవి. ఎవరైనా వచ్చి అడిగినప్పుడు అతడు వెతికి ఇచ్చేవాడు. ఎవరూ అడగనివి అలాగే పడి ఉండేవి. ఇక 'నేను చూసిన' అన్న బటన్‌ను ఎక్కడో ఉచితంగా దొరికితే తెచ్చి అతికించాడు. దాని కడుపులో ఏమున్నదో అతనికి తెలియదు.

పోస్టరు వాట్సాప్‌లో మూడు జిల్లాలు తిరిగింది. కల్పన మాత్రం తన ఫోనులో ఆ పేజీని ఒకసారి తెరిచి, మళ్లీ మూయలేదు. మూస్తే అమ్మ ముఖం ఎటో పోతుందన్న భయం. స్టాంపులు చింపుతూ చూసేది, బస్సులో చూసేది, కళ్లు మూసే ముందు చూసేది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు, నవ్వాలో వద్దో తేల్చుకోలేని పెదవులు. అది తొలిరోజు తెరచిన పేజీ. ఆ వెనుక ఏమి మారినదో ఫోను ఆమెకు చెప్పలేదు.

పన్నెండో రోజున జనగామ పెద్ద పోస్టాఫీసు నుంచి ప్రియదర్శిని ఫోన్ చేసింది. ఇద్దరూ ఒకేసారి శిక్షణ పొందినవాళ్లు.

"కల్పనా, మీ అమ్మ పేజీ గట్ల ఎర్రగొస్తున్నదేందే?"

"ఎర్రగనా? మంచిగనే ఉన్నది గదా, నా చేతుల్నే ఉన్నది."

"మూసి మళ్ల తెరువు."

సైటు లేచిన తరువాత మొదటిసారి కల్పన ఆ పేజీని మూసి తెరిచింది. అమ్మ లేదు. తెర నిండా ఎరుపు. ఆ ఎరుపు నడుమ తెల్లని అక్షరాలు: ఈ సైటు మీ ఫోనుకు హాని చేయవచ్చు. వెనక్కి వెళ్లండి.

దంతాలపల్లికి ఆమె ఎలా చేరినదో ఆమెకే గుర్తు లేదు. దినేశ్ చూసి తన ఈమెయిల్ పెట్టె తెరిచాడు. చదవని ఉత్తరాలు తొమ్మిది వేలు. వాటి నడుమ ఒకటి, సెర్చ్ ఇంజన్ వాళ్లది: మీ సైటులో మాల్‌వేర్ ఉన్నది, శుభ్రపరిచేవరకు సందర్శకులను హెచ్చరిస్తున్నాము.

"ఎప్పటిది తమ్మీ?"

"నాలుగు దినాలైంది అక్కా." అతడు ఉత్తరాన్ని చివరిదాకా చదివాడు. "బటన్ల ఉన్నది విషం. లోపలికొచ్చినోళ్ల ఫోన్లకు ఎక్కుతది. నేనే తెచ్చి పెట్టిన."

వెనక కుర్చీలోని సోమనర్సయ్య మెడ చాచాడు. "అరే దినేశూ, నా పింఛను కాయితం ఏమాయెరా? పొద్దటి సంది కూసున్న. నీ రోగం కంప్యూటరుకు వచ్చిందా, కంప్యూటరు రోగం నీకొచ్చిందా?"

"తాతా, ఇయ్యాల గాదు, పో," అన్నాడు దినేశ్. అంత మెల్లగా అతడు అనడం ఎన్నడూ వినని ముసలాయన, కల్పన ముఖం చూసి, కర్ర తీసుకుని లేచాడు.

శుభ్రం చేయడానికి మరునాడు మధ్యాహ్నం దాకా పట్టింది. బటన్ పోయింది, దాని వేర్లు పోయినవి. ఆ స్థానంలో దినేశ్ సొంతంగా ఒకటి రాశాడు. తరువాత సెర్చ్ ఇంజన్‌కు విన్నవించుకోవాలి. ఒక పెట్టె తెరుచుకున్నది. సమస్యను ఎలా సరిచేశారో వివరించండి, అని ఉన్నది అందులో. దినేశ్ రెండు వాక్యాలు కొట్టి లేచాడు. కల్పన ఆ కుర్చీలో కూర్చుని కింద ఇంకా రాసింది.

"నేను చిన్న పోస్టాఫీసులో పనిచేస్తాను. చేర్చలేని ఉత్తరాన్ని మేము పారవేయము. ఎందుకు చేర్చలేకపోయామో దాని మీదనే రాసి, పంపినవారి చేతికి తిరిగి ఇస్తాము. నా పేజీలో విషం ఉన్నదని మీరు కనిపెట్టారు, అది నిజం. ఎవరూ లోపలికి పోకుండా ఆపారు, అది న్యాయం. ముక్కూముఖం తెలియనివారి ఫోనును మా అమ్మ కోసం పాడు చేసే హక్కు నాకు లేదు. అయితే పేజీ మంచిగా ఉన్నప్పటి నకలు మీ దగ్గర ఉంటుందట. అందులో ఒక ఫొటో, ఒక ఊరి పేరు. వాటిలో విషం లేదు. తలుపు మూయండి, కానీ ఆ ఫొటోను గుమ్మం బయట పెట్టండి. వచ్చినవారి ఫోను భద్రంగా ఉంటుంది, మా అమ్మ ముఖమూ వారికి కనబడుతుంది. యజమానికి ఒక ఈమెయిల్ పంపితే చాలునని మీరు అనుకున్నారు. మా ఇరవై ఊళ్లకు ఒకటే ఈమెయిల్. అది మా తప్పే. కానీ ఆ ఎర్ర పేజీ మీద, ఈ ఇంటివారికి తెలుపండి అని ఒక చిన్న దారి ఉంటే, చూసి మరలినవారిలో ఒక్కరైనా నాకు చెప్పి ఉండేవారు. మా అమ్మ తప్పిపోయి పదమూడు రోజులు. దయచేసి తొందరగా చూడండి."

జవాబు వెంటనే వచ్చింది. మీ అభ్యర్థన అందినది. పరిశీలనకు కొన్ని రోజులు పట్టవచ్చు.

ఇంట్లో యోహానుకు ఇదంతా విడమరిచి చెప్పింది. ఆయన చాలాసేపు విని, "ఇంట్ల పాము జొర్రిందని దర్వాజకాడ మనిషిని నిలవెట్టిండ్రు. మంచిదే," అన్నాడు. "లోపటున్నోళ్లకు జర ఒక్క కేకెయ్యకపోయిరి." అంతే అన్నాడు. నంబరు తీయవద్దన్న మాటను ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే కల్పనకు కొంత తేలికగా ఉండేది.

పదిహేనో రోజు ఉదయం ఎరుపు పోయింది. అమ్మ తిరిగి తెర మీదకు వచ్చింది.

పదకొండు గంటలకు ఫోను మోగి, సైటు నుంచి ఒక సందేశం దిగింది. నేను చూసిన. చోటు: రేగొండ. దాని కింద పంపినవారి నంబరు, ఒక ఫొటో. మిరప చేను అంచున, ఎర్రని కాయల కుప్ప పక్కన, కొంగు నడుముకు చుట్టి, ఒడి నిండా కాయలు పోసుకుని, మార్తమ్మ నవ్వుతున్నది. నవ్వాలో వద్దో అన్న నవ్వు కాదు. పళ్లు కనబడే నవ్వు.

"నాయినా!" కల్పన అరిచిన అరుపుకు బర్రె కూడా తల తిప్పింది. "నాయినా, దొరికింది! రేగొండల ఉన్నది, నవ్వుతున్నది సూడు!"

యోహాను ఫొటోను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. తరువాత లోపలికి పోయి, ఉతికిన అంగీ తొడుక్కుని, తలకు నీళ్లద్ది దువ్వుకుంటూ నిలబడ్డాడు. "నన్ను గుర్తువడ్తదంటవా బిడ్డా?" అని అడిగాడు, పెళ్లిచూపులకు పోయేవాడిలా.

సందేశంలోని నంబరుకు కల్పన ఫోన్ చేసింది. ఎత్తిన గొంతు ఒక ఆడమనిషిది. తన పేరు రాములమ్మ అని చెప్పింది.

"అక్కా, గా ఫొటోల ఉన్నది మా అమ్మ. మంచిగున్నదా?"

కల్పన జవాబు కోసం ఆగలేదు.

"మాట్లాడ్తది, ఒక్కపారి ఫోనియ్యక్కా."

"మొన్నటిదాంక మాట్లాడింది బిడ్డా," అన్నది రాములమ్మ. "గా ఫొటో అంతకు ముందుగాల దిగింది. నువ్వు భూపాలపల్లి దవాఖానకు రా. నేను గూడ ఆడికే వస్త."

కల్పన ఫోను దించి తండ్రి వైపు తిరిగింది. ఆయన చేతిలో దువ్వెన ఇంకా ఉన్నది. ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. హన్మకొండలో బస్సు మారుతున్నప్పుడు యోహాను, "మనం ఆమెను ఇంటికి తీసుకపోనీకెనే పోతున్నం గద," అన్నాడు. "అవు నాయినా," అన్నది కల్పన.

దవాఖాన వెనుక మార్చురీ ముందు మాన్‌సింగ్ అనే కానిస్టేబుల్ రిజిస్టరుతో కూర్చుని ఉన్నాడు. మార్తమ్మ, దంతాలపల్లి దగ్గర, అని కల్పన చెప్పింది. అతడు వేలితో వరుసలు దించి తల అడ్డంగా ఊపాడు.

"మార్తమ్మ పేరు మీద ఎవలు లేరమ్మా. ఉన్నది ఒక్క ఆడమనిషే. మిర్చి ఏరనీకె వచ్చిన కూలి. వడదెబ్బ. ఊరు తెల్వదు. పేరు కల్పన."

"ఏం పేరు?"

"కల్పన. ముఠాల అందరు గదే చెప్పిండ్రు." అతడు కలం తీశాడు. "నీ పేరేందమ్మా?"

ఆమె పేరు చెప్పింది. మాన్‌సింగ్ కలం ఆగింది. రిజిస్టరు చూశాడు, ఆమెను చూశాడు. లేచి తలుపు తీశాడు.

యోహాను లోపలికి పోయి వచ్చి, గోడకు ఆనుకుని, కూర్చోవడం చేతగాక అలాగే కిందికి జారాడు. ఉతికిన అంగీ వీపంతా సున్నమైంది. "పండుకున్నట్టే ఉన్నది," అన్నాడు. "గుర్తు వట్టేదే, బిడ్డా. నన్ను గుర్తు వట్టేదే."

రాములమ్మ అప్పటికే వచ్చి మెట్ల మీద ఉన్నది. యాభై దాటిన మనిషి, మిరప చేను నుంచి నేరుగా వచ్చినట్టున్నది, చీర అంచున ఎర్ర దుమ్ము. కల్పన పక్కన కూర్చుని అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"నాలుగు ఊర్లోళ్లం ఒక డీసీఎం లారీల ఎక్కినం బిడ్డా. ఇరవై దినాల పని. దంతాలపల్లి చౌరస్తకాడ మీ అమ్మ ఎక్కింది. గా ఊరోళ్లు మా మనిషనుకున్నరు, మేము గా ఊరోళ్ల మనిషనుకున్నం. ఇరవై రెండు మంది రావాలె, ఇరవై ముగ్గురైనం. ఒకలు ఎక్కువైతే మా మేస్త్రి పోశాలుకు పండుగనే గద. చేన్ల దిగినంక ఆమెను అందుకొనుడు ఎవలతోని కాలె. రెండు చేతులతోని ఏరేది. తప్పిపోయినోళ్లు ఎట్లుంటరు? ఏడుస్తరు, దిక్కులు జూస్తరు. ఈమె పాటలు పాడుకుంట ఏరుతుంటే ఎవలనుకుంటరు?"

"ఎన్నడు తెల్సింది మరి?"

"వారం దాటినంక. ఒకనాడు తెల్లారకముందే మబ్బుల లేచి, గీ ఇల్లు ఎవలదని అడిగింది. నీ పేరేందవ్వా అంటే 'కల్పన' అన్నది. ఊరేందంటే 'కల్పన' అన్నది. నీకెవలున్నరంటే గదే మాట. ఇగ మేమందరం కల్పనవ్వ, కల్పనవ్వ అని పిలిసినం. పిలిస్తే ఎంత సంబురపడేదో. పోశాలేమో, పదిదినాలల్ల పని ఒడుస్తది, పోయేటప్పుడు దంతాలపల్లిల దించి అడుగుదాం తియ్ అన్నడు."

కల్పన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని వింటున్నది. కన్నీళ్లు చెంపల మీద దారి తామే వెతుక్కుంటున్నవి.

"నాకు మనసున వట్టక ఫోన్ల మాట చెప్పిన. 'దంతాలపల్లి తప్పిపోయిన ముసలవ్వ' అని. నాకు రాయరాదు గద, చెప్తె గదే వెతుకుతది. మొదటనే మీది వచ్చింది. ఒత్తంగనే తెరంత ఎర్రగైంది. కూడబలుక్కొని సదివిన. హాని అన్నది. పోశాలుకు జూపిస్తే, ముట్టకు, వైరస్, ఫోను ఖతమైతదన్నడు." రాములమ్మ కొంగులోంచి ఫోను తీసి చూపింది. "నిరుడు గిట్లనే ఏదో ఒత్తిన. ఫోను సచ్చిపోయింది. మా ఆయన పోయినోడు, ఆయన గొంతు అండ్లనే ఉండె. ఒక్కటే ఉండె. పోయింది. గందుకే భయమైంది. ఎన్కకు పొమ్మంటే ఎన్కకు వచ్చిన."

"అది ఎన్నడక్కా?"

"మంగళారం."

కల్పన లెక్కవేయకుండానే లెక్క తేలింది. మంగళవారం తొమ్మిదో రోజు. అమ్మకు ఇంకా నాలుగు రోజులు ఉన్నవి. రేగొండ నుంచి దంతాలపల్లికి ఒక్క పూట ప్రయాణం.

"శనివారం మిట్టమధ్యాన్నం అందరం బువ్వ తింటున్నం," అన్నది రాములమ్మ. "బిడ్డ బడి ఇడిసే యాళ్లయిందని లేచింది. యాడికవ్వా అంటే, 'ఎండల నిలవడ్తది, పిల్ల' అన్నది. ఇటు తిరిగి అటు జూసేసరికి లేదు. రోడ్డెక్కి రెండు మైళ్లు నడిచింది. మోరీకాడ పడిపోయి దొరికింది. ఆటోల నా ఒడిలనే పండుకోవెట్టుకొని తెచ్చిన. ఈడికి వచ్చినంక గంటసేపే. నిన్నంత నాకు నిద్రలేదు. ఇయ్యాల పొద్దుగాల, ఫోను పోతే పోయింది, ఆమె మనుషులకు తెల్వాలె అని మళ్ల చెప్పి ఒత్తిన. ఎరుపు రాలె. మీ అమ్మ కనబడ్డది."

మెట్ల ముందు ఎండ తెల్లగా కాస్తున్నది. మాన్‌సింగ్ ఎవరితోనో వాహనం గురించి మెల్లగా మాట్లాడుతున్నాడు. యోహాను దేవుని పేరు తీసుకుంటున్నాడు. అది ప్రార్థనో ఫిర్యాదో తెలియడం లేదు.

"ఒక్క మాట అడుగుత బిడ్డా. దాచకుంట జెప్పు." రాములమ్మ ఆమె వైపు పూర్తిగా తిరిగింది. "గా మంగళారం నాడు, గా ఎరుపు దాటుకొని నేను లోపటికి పోతే, నా ఫోను పోవు గని, మీ అమ్మ ఉండునా?"

ఉండేది. కల్పనకు తెలుసు. ఆ విషం తన సైటులోదే. దానికి అడ్డంగా నిలిచిన ఎరుపు అబద్ధం చెప్పలేదు. దానిని నమ్మి వెనుదిరిగిన ఈ మనిషి తప్పు చేయలేదు. అయినా ఉండేది. పోస్టరు మీద పది అంకెలు ఉండి ఉన్నా ఉండేది.

"తెల్వదక్కా," అన్నది. "ఎన్కకు పొమ్మన్నరు, నువ్వు పోయినవ్. ఎవలైన పోతరు. నేను గూడ పోదును."

రాములమ్మ నమ్మినదో లేదో. కల్పన చెంపలు చూసి, తుడుద్దామని చేయి ఎత్తింది. సగం దూరంలో ఆ చేయి ఆగిపోయింది. పదిహేను రోజులు మిరపకాయలు ఏరిన వేళ్లు, ఎంత కడిగినా మంట పోని వేళ్లు. కంటికి తగిలితే కాలుతుంది. ఆమె ఒక్క క్షణం ఆ చేతిని గాలిలోనే ఉంచుకుని, ఏం చేయాలో తోచక చూసుకున్నది. తరువాత వేళ్లు పిడికిలిలోకి ముడిచి, మోచేతి వంపుతో, రవిక అంచుతో, ఇబ్బందిగా, మెల్లగా, కల్పన కళ్లు తుడిచింది.